బదులు

కాసీబుగ్గలో ఈది మొగన నా బండి.
ఎదురుగా ఇనప గేటు, గేటు ఎనకాల
తంకాల పురుషోత్తంగారు.
జీడిపప్పు యాపారం. డబ్బాల మీద ఆరి పేరే.

పదకొండేళ్ళుగా ఆరి సొక్కాలు ఇస్త్రీ సేత్తన్నాను.
ఏ సొక్కాకి ఎడంసేతి బొత్తాం వదులో తెలుసు,
ఏ నెల్లో నడుం లావైందో తెలుసు.
జేబులో మరిసిపోయిన మందుల సీటీ
నలక్కుండా మడతెట్టి అదే జేబులో ఎట్టినాను,
ఎవులికీ సెప్పనేదు.
ఆరికి మాత్రం నాను గాలి.
కాదు, గాలైతే తలుపేసుకుంటారు.
తలుపేసుకోడానికైనా
అటేపు ఓపాలి సూడాల గదా.

"ఇస్త్రీ!" అని కేకేత్తారు మేడ మీంచి.
బట్టల్ని పిలిసినారో, పెట్టిని పిలిసినారో,
పరిగెట్టేది మాత్రం నాను.
డబ్బులు గేటు మీదెడతారు, సేతిలో ఎట్టరు.
ఓపాలి వానకి నోటు తడిసి
ఇనుముకి అంటుకుపోతే
గోటితో నెమ్మదిగా ఊడదీసి
దానికీ ఇస్త్రీ సేసి జేబులో ఏసుకున్నాను.

అప్పుడొచ్చినాది తుపాను.
ఆ రేత్రి సంగతి నాను సెప్పను,
ఉద్దానపోళ్ళకి సెప్పక్కర్నేదు.
పొద్దున్న సూత్తే
కొబ్బరిసెట్లకి తలల్నేవు,
జీడితోటలు ఏళ్ళు పైకెట్టి పడుకున్నాయి.
కరెంటు నేదు. గేసు నేదు. ఫోను పలకదు.
రెండోనాడు గేటు తీసుకుని ఆరే ఒచ్చినారు,
సేతిలో మట్టిమూకుడు.
"కాస్త నిప్పు బదులిస్తావా?"
నా పెట్టి తెరిసి నాలుగు కణికలు ఏసినాను.
"నీ పేరేమిటోయ్?"
ఆరు అడుగుతారనుకోనేదు గావాల,
నా పేరు నాకే ఓ చణం తట్టనేదు.
"దాలయ్యండి."

తొమ్మిది రోజులు దాలయ్యా అన్నారు.
దాలయ్యా, నీ పాక నిలబడిందా?
దాలయ్యా, అలా కూర్చో.
ఆరి అరుగు మీద కూకుని
ఆరి సిన్నప్పుడు జీడిపిక్కలేరిన కత ఇన్నాను.
పదోనాడు సందేళ దీపాలెలిగినాయి.
ఈదంతా ఈలలేసినారు.
ఆ ఈలల్లో గేటేసిన సప్పుడు
ఎవులికీ ఇనబళ్ళేదు, నాకు తప్ప.
తెల్లారి మేడ మీంచి
"ఇస్త్రీ!"

కోపమొచ్చినాది. అబద్దమెందుకు,
తెల్ల సొక్కా మీద పెట్టి
ఒక్క నిమిసం ఎక్కువుంచుదామనుకున్నాను.
ఉంచనేదు. మంచితనం గాదు,
బొగ్గు అడుగంటింది.

బొగ్గు.

పెతి లచ్చింవారం మందస కొండలకాడ నుంచి
ఒకాయమ్మ నెత్తిమీద మూట తెచ్చేది.
దించుకోడానికి ఓ సెయ్యెయ్యమన్నట్టు నిలబడేది.
మడత సెడిపోద్దని నాను తలెత్తేవోణ్ణి గాను.
బల్ల మూల మీద డబ్బులెట్టేవోణ్ణి.
తుపాను ముందు వారం ఒచ్చినాది.
తరవాత రానేదు.

బస్టాండుకెల్లి కొండ దిగినోళ్ళని అడిగినాను,
బొగ్గులమ్మే ఆయమ్మ బాగున్నాదా అని.
"ఎవులు? పేరేటి? ఏ ఊరు?"
తల వొంచుకున్నోడికి తెలిసేది కాళ్ళేగదా,
ఎడం మడమ మీద పచ్చబొట్టుంటాదన్నాను, తేలుబొమ్మ.
ఒకడు నవ్వినాడు.
ఇంకొకాయన నవ్వనేదు, నాకేసి సూసినాడు.
ఆళ్ళ బస్సెల్లిపోనాది.

ఈ లచ్చింవారం
బల్ల మూల మీద డబ్బులెట్టనేదు.
గుప్పిట్లో అట్టుకు నిలబడ్డాను,
నోటు సెమటకి నానిపోనాది.
మేడ మీంచి కేక, "ఇస్త్రీ!"
ఇంకో కేక.
నాను బదులు పలకనేదు.
పొగరు గాదు బాబూ,
ఈది మలుపుకేసి సూత్తన్నాను.